కాలవ పారాలంటే అందరూ కూర్చోవాలి



మనలో చాలామంది మిద్దె పనికి పోయినవాళ్ళే. ఇసుక జల్లించినవాళ్ళే. కంకర తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కినవాళ్ళే. మనం మోసిన కంకరతో ఇళ్ళు లేచినాయి. బడులు లేచినాయి. చెరువు కట్టలు, కాలవలు, వంతెనలు లేచినాయి.

కానీ ఆ పనులు ఎవరు ఎట్లా నడిపిస్తారో మనకు ఎవరూ చెప్పలేదు. పని ఒక్కోసారి ఎందుకు ఆగిపోతుందో చెప్పలేదు. సగం కట్టిన వంతెన ఏండ్ల తరబడి ఎందుకు అట్లే ఉంటుందో చెప్పలేదు.

ఈ పాఠంలో అది తెలుసుకుందాం. చిన్న పనితో మొదలుపెట్టి పెద్ద పని దాకా పోదాం.

మిద్దె వేసిన రోజు

ఒక ఊళ్ళో ఒక అక్క ఇల్లు కట్టుకుంటా ఉంది. గోడలు లేచినాయి. సెంట్రింగు వాళ్ళు వచ్చి చెక్కలు కొట్టినారు. కమ్మీలు కట్టేవాళ్ళు వచ్చి కమ్మీలు కట్టినారు. స్లాబు వేసే రోజు వచ్చింది. తెల్లవారి 6 గంటలకే 12 మంది కూలీలు వచ్చినారు. కాంక్రీటు కలిపే మిషను వచ్చింది. కొబ్బరికాయ కొట్టినారు.

మేస్త్రీ పైకెక్కి చూసినాడు. "కరెంటు పైపులు ఏవి?" అన్నాడు.

పైపులు లేవు. కరెంటు పని చేసే అబ్బాయికి స్లాబు ఈ రోజేనని ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ చెప్పి ఉంటాడని సెంట్రింగు ఆయన అనుకున్నాడు. ఇంటి వాళ్ళు చెప్పి ఉంటారని మేస్త్రీ అనుకున్నాడు. మేస్త్రీ పని మేస్త్రీకి తెలియదా అని ఇంటి వాళ్ళు అనుకున్నారు.

అబ్బాయికి కబురు పెట్టినారు. ఆయన వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. 11 గంటల దాకా చూసినారు. మిషను బాడుగ పెరుగుతా ఉంది. కూలీలు నీడన కూర్చున్నారు. చివరికి పైపులు లేకుండానే స్లాబు వేసినారు. మరుసటి నెలలో ఆ కొత్త స్లాబును సుత్తితో, ఉలితో కొట్టి పైపులు బిగించినారు. మొదటి వానకే అక్కడ చెమ్మ దిగింది.

అక్క ఏడ్చింది. "తప్పు ఎవరిది?" అని అడిగింది. నాది కాదంటే నాది కాదని అందరూ అన్నారు. తిలాపాపం తలా పిడికెడు అయింది. నష్టం మాత్రం ఆ అక్క ఒక్కదాని నెత్తినే పడింది.

ఇక్కడ ఎవరికీ పని రాక కాదు. మేస్త్రీ మంచివాడు. కమ్మీలు కట్టినవాళ్ళు నేర్పరులు. ఎవరి పని వాళ్ళు బాగా చేసినారు. కానీ వీళ్ళంతా ఒక్కసారన్నా ఒకచోట కూర్చోలేదు. ముందు రోజు సాయంత్రం ఒక్క గడియ కూర్చుని ఉంటే ఈ నష్టం రాదు.

మిద్దె పనిలో నలుగురో అయిదుగురో పనివాళ్ళు. మరి 100 కిలోమీటర్ల కాలవ పనిలో ఎంతమంది ఉంటారు?

చెరువు: మన పెద్దలు కలిసి నిలిపిన పని

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడూ మెట్ట ప్రాంతాలే. ఏడాది పొడుగునా నీళ్ళు పారే పెద్ద నది ఇక్కడ లేదు. అందుకే మన పెద్దలు చెరువులు కట్టినారు. ఒక చెరువు నిండితే మరవ పోతుంది. ఆ మరవ నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కింది చెరువుకు. వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు.

చెరువు ఒక్కరి వల్ల నిలిచేది కాదు. కట్ట మీద కంప కొట్టాలి. కట్ట తెగకుండా మట్టి పోయాలి. పూడిన వండ్రు తీసి పొలాలకు తోలాలి. కాలవలు బాగుచేయాలి. ఎండాకాలంలో ఊరంతా ఇంటికొక మనిషి వచ్చి ఈ పని చేసేవాళ్ళు. తూము తీసేది, మూసేది నీరుగంటి. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళో ఆయన చూసేవాడు. ఆయనకు ఊరు గింజలు కొలిచేది.

ఇందులో మూడు మంచి సంగతులు ఉన్నాయి. ఒకటి: పని ఎవరెవరిదో అందరికీ తెలుసు. రెండు: నీళ్ళు తక్కువైతే నష్టం అందరూ పంచుకునేవాళ్ళు. మూడు: పని చేసినవాళ్ళే దాని ఫలం తినేవాళ్ళు.

ఒక లోటు కూడా ఉంది. రచ్చబండ మీద కూర్చున్నది మగవాళ్ళే. అదీ కొన్ని కులాల వాళ్ళే. చెరువులో గుడ్డలు ఉతికేది, బిందెలు ముంచేది, గొడ్లు తోలేది ఆడవాళ్ళు. కానీ మెట్లు ఎక్కడ ఉండాలని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. ఈ లోటును గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఆరోగ్యవరం: ఖర్చు పంచుకుని కట్టిన ఆసుపత్రి

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. ఒకప్పుడు క్షయ జబ్బు వస్తే మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఇవే వైద్యం. అట్లాంటి రోగులకు పెద్ద ఆసుపత్రి కావాలి. చాలా వార్డులు కావాలి. రోగులు నెలల తరబడి ఉండాలి. ఆ ఖర్చు ఏ ఒక్క మిషను సంస్థకూ తూగేది కాదు.

అప్పుడు చాలా మిషన్లు కలిసినాయి. అవి వేర్వేరు దేశాల నుంచి వచ్చినవి. వేర్వేరు పద్ధతులు పాటించేవి. అయినా డబ్బు తలా కొంత వేసుకున్నాయి. అందరి తరఫునా ఆసుపత్రి నడిచింది. 1915లో ఆరోగ్యవరంలో ఆసుపత్రి మొదలైంది. డెన్మార్కు దేశం నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నడిపించినాడు. దాని పేరులోనే 'యూనియన్' అనే మాట ఉండేది. అంటే కలిసినవాళ్ళది అని అర్థం. దూరదూరాల నుంచి క్షయ రోగులు అక్కడికి వచ్చేవాళ్ళు.

ఒక్కరి శక్తికి మించిన పనిని పదిమంది పంచుకుంటే ఎట్లా నిలుస్తుందో మన పక్కనే ఉంది చూడండి.

కృష్ణ నీళ్ళు మన దాకా

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పని దగ్గరికి వద్దాం. దాని పేరు హంద్రీ-నీవా సుజల స్రవంతి. హంద్రీ కర్నూలు దగ్గర పారే ఏరు. నీవా చిత్తూరు దగ్గర పారే ఏరు. అక్కడి నుంచి ఇక్కడి దాకా అని ఆ పేరు చెబుతుంది.

ఈ కాలవ నంద్యాల జిల్లాలో మల్యాల దగ్గర మొదలవుతుంది. అక్కడ శ్రీశైలం జలాశయం నీళ్ళు నిలిచి ఉంటాయి. ఏటా 40 టీఎంసీల నీళ్ళు ఎత్తాలని ప్రణాళిక. 6 లక్షల ఎకరాలకు పైగా సాగునీరు, 33 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలని లెక్క.

నీరు పల్లమెరుగు అంటారు. కానీ ఈ కాలవలో నీరు మెరకకు ఎక్కాలి. శ్రీశైలం జలాశయం నిండితే నీటి మట్టం 885 అడుగులు. మదనపల్లె సముద్ర మట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. అంటే నీళ్ళను మెట్టు తర్వాత మెట్టుగా పంపులతో ఎత్తాలి. ఒక పంపు ఆగితే దాని తర్వాత ఉన్న కాలవంతా ఎండుతుంది.

2004 తర్వాత జలయజ్ఞం కింద ఈ పనులు జోరుగా సాగినాయి. 2012లో అనంతపురం వైపు జీడిపల్లి జలాశయానికి నీళ్ళు చేరినాయి. అది మొదటి దశ. రెండో దశలో నీళ్ళు ఇంకా దక్షిణానికి రావాలి. చెర్లోపల్లి జలాశయం దాటినాక పుంగనూరు బ్రాంచి కాలవ విడిపోతుంది. అది 220 కిలోమీటర్ల కాలవ. మదనపల్లె వైపు, పుంగనూరు వైపు వస్తుంది. దాని చివర, పెద్దపంజాణి మండలంలో, కుప్పం బ్రాంచి కాలవ మొదలవుతుంది. అది ఇంకో 123 కిలోమీటర్లు. ఆ కాలవతో 110 చెరువులు నింపాలని, 6,300 ఎకరాలకు నీళ్ళు ఇవ్వాలని, 4 లక్షల మందికి తాగునీరు అందించాలని ప్రణాళిక.

2024 ఫిబ్రవరిలో కుప్పం కాలవకు ఒకసారి నీళ్ళు వదిలినారు. 2025 జూలైలో, మొదటి దశ కాలవను వెడల్పు చేసినాక, మల్యాల దగ్గర నీళ్ళు వదిలినారు. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రం చెరువు కాడ కృష్ణ నీళ్ళకు జలహారతి ఇచ్చినారు.

2004 నుంచి 2025 దాకా లెక్క వేయండి. 21 ఏండ్లు. కాలవ మొదలైనప్పుడు పుట్టిన బిడ్డ, నీళ్ళు వచ్చేటప్పటికి తల్లి అయి ఉంటుంది. అంత కాలం ఎందుకు పట్టింది?

ఎన్ని చేతులు?

డబ్బు చాలకపోవడం ఒక కారణం. ప్రభుత్వాలు మారడం ఇంకొక కారణం. ఇవి అందరూ చెప్పుకునేవే. అందరూ చెప్పుకోని కారణం ఇంకొకటి ఉంది. ఇట్లాంటి పనికి ఎన్ని చేతులు కలవాలో చూడండి.

నీటి శాఖ ఇంజనీర్లు కాలవ దారి గీస్తారు. పనిని ముక్కలు ముక్కలుగా చేసి కాంట్రాక్టర్లకు ఇస్తారు. ఆ ముక్కలను ప్యాకేజీలు అంటారు. భూమి తీసుకునేది రెవెన్యూ శాఖ. అడవి అడ్డం వస్తే అటవీ శాఖ అనుమతి కావాలి. రోడ్డు అడ్డం వస్తే రోడ్ల శాఖ కలవాలి. రైలు పట్టాలు అడ్డం వస్తే రైల్వే వాళ్ళు ఒప్పుకోవాలి. పంపులు తిరగాలంటే కరెంటు వాళ్ళు లైన్లు వేయాలి. బిల్లులు ఇచ్చేది ఆర్థిక శాఖ. పొలం ఇచ్చేది రైతు. మట్టి తవ్వేది, కాంక్రీటు మోసేది కూలీ.

ఇందులో ఒక్క చెయ్యి రాకపోయినా నీళ్ళు రావు.

ఒక ఉదాహరణ చూద్దాం. 10 కిలోమీటర్ల కాలవ ఉందనుకోండి. 9 కిలోమీటర్లు తవ్వడం అయిపోయింది. నడుమ ఒక్క కిలోమీటరు దగ్గర రైతుకు నష్టపరిహారం అందలేదు. ఆయన పొలంలోకి మిషను రానివ్వలేదు. అప్పుడు తవ్విన 9 కిలోమీటర్లూ వృథాగా ఉంటాయి. వానకు గట్లు జారతాయి. కంప మొలుస్తుంది. రెండేండ్ల తర్వాత పరిహారం వచ్చేటప్పటికి ఆ 9 కిలోమీటర్లు మళ్ళీ బాగుచేయాలి. ధరలు పెరిగి ఉంటాయి. పాత ధరకు చేయనని కాంట్రాక్టరు అంటాడు. మళ్ళీ కాగితాలు, మళ్ళీ కోర్టు.

రైతుది తప్పా? కాదు. ఆయన బతుకు తెరువు ఆ మడి. కాంట్రాక్టరుది తప్పా? ఆయనకు భూమి చూపలేదు. ఇంజనీరుది తప్పా? భూమి ఆయన చేతిలో లేదు. మిద్దె వేసిన రోజు జరిగిందే ఇక్కడా జరిగింది. అక్కడ 12 మంది కూలీల రోజు పోయింది. ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళు లేక ఉన్నాయి.

పై వాళ్ళ మాట, కింది వాళ్ళ మాట

కలిసి కూర్చోవడం అంటే అందరిదీ ఒకే మాట అని కాదు. 2025లో హంద్రీ-నీవా కాలవకు కాంక్రీటు లైనింగు వేసేటప్పుడు ఏమైందో చూడండి.

మట్టి కాలవలో నీళ్ళు భూమిలోకి ఇంకుతాయి. దోవలోనే చాలా పోతాయి. చివరన ఉన్న కుప్పం దాకా రావాలంటే లైనింగు కావాలని ఇంజనీర్లు చెప్పినారు. అనంతపురం వైపు రైతులు అభ్యంతరం చెప్పినారు. "కాలవ నీళ్ళు ఇంకబట్టే మా బోర్లలో నీళ్ళు ఉన్నాయి. కాంక్రీటు వేస్తే మా బోర్లు ఎండుతాయి" అన్నారు.

ఇద్దరి మాటా నిజమే. పై రైతుకు ఇంకిన నీళ్ళు బతుకు. కింది ఊరికి పారిన నీళ్ళు బతుకు. గొలుసుకట్టు చెరువుల్లో కూడా ఇదే తగవు. పై చెరువు వాళ్ళు మరవ ఎత్తు పెంచితే కింది చెరువు నిండదు.

ఇట్లాంటి తగవు పని మొదలైనాక తీర్చాలంటే కష్టం. గీత గీసే రోజే పై వాళ్ళనూ కింది వాళ్ళనూ కూర్చోబెడితే దారులు దొరకవచ్చు. ఎక్కడ లైనింగు వేయాలి, ఎక్కడ వదలాలి, పై చెరువులు నింపడానికి ఎన్ని తూములు పెట్టాలి అని ముందే మాట్లాడుకోవచ్చు. కాగితం మీద గీత చెరపడం సులభం. కాంక్రీటు పగలగొట్టడం కష్టం.

లండన్‌లో ఒక కట్టడం

దూర దేశంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. లండన్ నగరంలో హీత్రూ అనే పెద్ద విమానాశ్రయం ఉంది. అక్కడ అయిదో టెర్మినల్ అనే కట్టడం 2002లో మొదలుపెట్టినారు. 430 కోట్ల పౌండ్ల పని. ఎన్నో కంపెనీలు. వేల మంది పనివాళ్ళు.

మామూలుగా అట్లాంటి పనుల్లో కంపెనీలు ఒకరి మీద ఒకరు కేసులు వేసుకుంటాయి. అందుకని యజమాని ఒక కొత్త ఒప్పందం రాయించినాడు. "పనిలో అనుకోని నష్టం వస్తే అది నేను భరిస్తాను. మీరు తప్పు ఎవరిదని వెతకవద్దు. తప్పు కనిపిస్తే దాచవద్దు. అందరూ కూర్చుని సరిచేయండి. పని బాగా జరిగి డబ్బు మిగిలితే అందరం పంచుకుందాం" అని దాని సారం.

దాంతో ఏమైంది? తప్పును దాచాల్సిన భయం తగ్గింది. చిన్న తప్పు చిన్నగా ఉన్నప్పుడే బయటపడింది. అంత పెద్ద కట్టడం అనుకున్న సమయానికి, అనుకున్న డబ్బులో పూర్తయింది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2008 మార్చి 27న టెర్మినల్ తెరిచినారు. మొదటి రోజే సామాన్లు గుట్టలు పడినాయి. సామాన్లు మోసే పనివాళ్ళకు కొత్త చోటు అలవాటు కాలేదు. తగినంత శిక్షణ లేదు. కొందరికి ఎక్కడికి పోవాలో కూడా తెలియలేదు. కొన్ని రోజుల్లో వందల విమానాలు ఆపేసినారు.

కట్టేవాళ్ళు కలిసి కూర్చున్నారు. మంచి పనే. రేపు దాన్ని నడిపేవాళ్ళను, వాడేవాళ్ళను మాత్రం చాలినంతగా కూర్చోబెట్టలేదు. గొప్ప గొప్ప చదువులు చదివిన వాళ్ళకే ఈ పొరపాటు జరిగింది.

ఇప్పుడు మన చెరువు మెట్లు గుర్తుకు తెచ్చుకోండి. కాలవ మీద కాలిబాట వంతెన ఎక్కడ ఉండాలో ఎవరికి బాగా తెలుసు? గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రోజూ ఆ దారిన నడిచే మనిషికే తెలుసు. ఆమెను అడగకుండా కడితే వంతెన ఎక్కడో ఉంటుంది, ఆమె మైలు చుట్టుకుని నడుస్తుంది.

కలిసి చేసే పనికి ఆరు కట్టుబాట్లు

మిద్దె అయినా, కాలవ అయినా ఇవి పనికి వస్తాయి. మహిళా సంఘం కట్టుకునే భవనానికీ పనికి వస్తాయి.

1. పని మొదలు కాకముందే అందరూ కూర్చోవాలి. కట్టేవాళ్ళు, డబ్బు ఇచ్చేవాళ్ళు, భూమి ఇచ్చేవాళ్ళు, వాడేవాళ్ళు.

2. నక్షా ఒకటే ఉండాలి. అది అందరికీ కనబడాలి. ఒకరి దగ్గర ఒక నక్షా, ఇంకొకరి దగ్గర ఇంకొకటి ఉంటే కాలవకు కాలవ కలవదు.

3. ఏ పనికి ముందు ఏ పనో రాసుకోవాలి. స్లాబుకు ముందు పైపులు. తవ్వకానికి ముందు భూమి పరిహారం. పంపుకు ముందు కరెంటు.

4. వారానికి ఒకసారి కలవాలి. "పోయిన వారం చేస్తామన్నది చేసినామా? చేయకపోతే ఎందుకు?" ఈ రెండు ప్రశ్నలే అడగాలి. తిట్లు వద్దు.

5. తప్పు చెప్పినవాళ్ళను శిక్షించరాదు. తప్పు దాచితేనే నష్టం పెరుగుతుంది. సిమెంటు తక్కువ పడిందని కూలీ మనిషి చెప్పినా వినాలి. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుంది. 7 రోజులన్నా నీళ్ళు పట్టకపోతే స్లాబు నెరెలు ఇస్తుంది. ఇది మోసే మనిషికీ కనిపిస్తుంది.

6. ప్రతి మాటా రాయాలి. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట రేపు సాక్ష్యం చెబుతుంది.

ఆరో కట్టుబాటు దగ్గరే మనం అందరం ఆగిపోయినాం. చదువు రాక మనం ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేసినాం! ఇప్పుడు మనకు చదువు వచ్చింది.

మన అక్షరానికి ఉన్న బలం

పెద్ద పనుల్లో మనల్ని పిలుస్తారా అని మీరు అడుగుతారు. పిలవకపోయినా పోయే దారులు ఉన్నాయి. చట్టం ఇచ్చిన దారులు అవి.

భూమి నోటీసు: భూసేకరణ చట్టం 2013లో వచ్చింది. ఆ చట్టం కింద మీ పొలం తీసుకోవాలంటే మొదటి నోటీసును మన భాషలో పంచాయతీ ఆఫీసులో కూడా పెట్టాలి. ఆ నోటీసు వచ్చిన 60 రోజుల లోపల అభ్యంతరం రాసి కలెక్టరుకు ఇవ్వవచ్చు. అందుకే పంచాయతీ బోర్డు వైపు పోయినప్పుడల్లా ఒక నిమిషం నిలబడి చదవండి. సర్వే నెంబరు చూడండి. 60 రోజులు దాటినాక ఏడిస్తే వినేవాళ్ళు తక్కువ.

సమాచార హక్కు: 2005లో వచ్చిన చట్టం ఇది. ప్రభుత్వ పనికి ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది, కొలతల పుస్తకంలో ఏమి రాసినారు అని అడగవచ్చు. మామూలుగా 30 రోజుల లోపల జవాబు ఇవ్వాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఈ చట్టం కింద జరిగే పనిని దగ్గరికి పోయి చూసే హక్కు ఉంది. సిమెంటు, ఇసుక లాంటి సామాను నమూనా అడిగి తీసుకునే హక్కు కూడా ఉంది.

సాగునీటి సంఘం: 1997లో ఆంధ్రప్రదేశ్‌లో రైతులే కాలవలు, చెరువులు చూసుకునే చట్టం వచ్చింది. దాని కింద సాగునీటి సంఘాలు ఏర్పడినాయి. 2024 డిసెంబరులో కూడా వీటికి ఎన్నికలు జరిగినాయి. ఓటు ఆయకట్టు భూమి హక్కుదారులకు ఉంటుంది. మన ఇళ్ళల్లో నాటు వేసేది, కలుపు తీసేది, రాత్రి మడికి నీళ్ళు కట్టేది ఆడవాళ్ళే. పాసుపుస్తకం మీద పేరు మాత్రం ఎక్కువగా మగవాళ్ళది. పేరు లేకపోతే ఓటు లేదు. ఓటు లేకపోతే కూర్చునే చోటు లేదు. ఈ సంగతి ఇంట్లో మాట్లాడండి. జంట పేర్లు వేయించుకోవడం కుదురుతుందా అని అడగండి.

మా కేంద్రంలో ఒక పెద్దమ్మ ఈ పాఠం విని ఒక మాట అన్నది. "నా వయసులో నేను పదిహేను చెరువు కట్టలకు మట్టి మోసినాను. ఏ కట్ట మీదా నా పేరు లేదు. పేరు వద్దులే. ఈసారి కట్ట వేసేటప్పుడు నన్ను ఒక మాట అడిగితే చాలు. నీళ్ళు ఎక్కడ కారుతాయో నాకు తెలుసు."

ఆ పెద్దమ్మ ఆ రోజు తన పేరు మొదటిసారి పలక మీద కాకుండా కాగితం మీద రాసింది. అది గ్రామసభకు ఇచ్చే అర్జీ. చెరువు తూము దగ్గర చెమ్మ కారుతోందని ఆ అర్జీ. కింద 14 మంది అక్కలు సంతకాలు పెట్టినారు. ఒక్కటీ వేలిముద్ర లేదు.

కృష్ణ నీళ్ళు 700 కిలోమీటర్లు దాటి మన వైపు వచ్చినాయి. ఇకమీదట అవి ఏ చెరువుకు చేరతాయి, ఏ చెరువుకు చేరవు, కాలవ గట్టును ఎవరు చూసుకుంటారు అన్నవి ఊళ్ళల్లో తేలాల్సిన సంగతులు. ఆ మాటలు జరిగే చోట మనం కూడా కూర్చోవాలి. చేతిలో ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని పోదాం.

కొత్త మాటలు

నక్షా: పని ఎట్లా చేయాలో గీసిన పటం.
ప్యాకేజీ: పెద్ద పనిలో ఒక కాంట్రాక్టరుకు ఇచ్చిన ముక్క.
లైనింగు: నీళ్ళు ఇంకకుండా కాలవ లోపల వేసే కాంక్రీటు పూత.
నష్టపరిహారం: భూమి, చెట్టు, ఇల్లు పోయినందుకు ఇచ్చే డబ్బు.
ఆయకట్టు: ఒక చెరువు లేదా కాలవ కింద నీళ్ళు పారే భూమి.
క్యూసెక్కు: ఒక సెకనులో పారే ఒక ఘనపు అడుగు నీళ్ళు. అంటే సుమారు 28 లీటర్లు.
టీఎంసీ: 100 కోట్ల ఘనపు అడుగుల నీళ్ళు.

లెక్క చేద్దాం

1. బిందెకు 14 లీటర్లు పడతాయి అనుకుందాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఎన్ని బిందెలు? (జవాబు: 2 బిందెలు)

2. వెడల్పు చేసిన హంద్రీ-నీవా మొదటి దశ కాలవలో 3,850 క్యూసెక్కులు పారేటట్లు చేసినారు. సెకనుకు ఎన్ని బిందెలు? (జవాబు: 7,700 బిందెలు. ఇట్లా సుమారు 3 రోజులు పారితే ఒక టీఎంసీ అవుతుంది.)

3. మిద్దె వేసిన రోజు 12 మంది కూలీలు 5 గంటలు ఊరికే కూర్చున్నారు. గంటకు కూలి 60 రూపాయలు అనుకుంటే ఎంత డబ్బు పోయింది? మిషను బాడుగ దీనికి వేరు.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్ళో సగంలో ఆగిన పని ఏదైనా ఉందా? అక్కడ ఏ చెయ్యి కలవలేదు?
2. పై చెరువు వాళ్ళకూ కింది చెరువు వాళ్ళకూ తగవు వస్తే మీరైతే ఎట్లా తీరుస్తారు?
3. కాలవ మీద వంతెన మీ ఊళ్ళో ఎక్కడ ఉంటే ఆడవాళ్ళకు మేలు?

రాయండి

మీ ఊరి చెరువు గురించి అయిదు వాక్యాలు రాయండి. కట్ట ఎట్లా ఉంది? తూము కారుతోందా? మరవ బాగుందా? కాలవలో కంప ఉందా? ఎవరు బాగుచేయాలి? రాసింది పక్క అక్కకు చదివి వినిపించండి. ఆమె రాసింది మీరు చదవండి. రెండూ కలిపి ఒక అర్జీగా రాసి, వచ్చే గ్రామసభకు తీసుకుని పోండి.